పంతులుగారి కాగితపు లెక్క

మధురనుండి దక్షిణముగా తిరునల్వేలికి పోవు రైలుమార్గమున విరుదునగరము, సాత్తూరు, కోవిలుపట్టి ఒకదాని తరువాత నొకటి తగులును. నల్లరేగడి నేల, చాలీచాలని వానలు, ప్రత్తి, చిరుధాన్యములు, వేసవిలో కనుచూపుమేర బీటలువారిన మైదానము: ఇదియే ఆ సీమ స్వరూపము. సేద్యమొక్కదానిని నమ్ముకొనిన బ్రదుకు గడవదని గ్రహించిన అచ్చటి జనులు అగ్గిపెట్టెల పరిశ్రమను చేపట్టిరి. అగ్గిపెట్టెలపై నంటించు రంగుచీటీల యవసరమును పురస్కరించుకొని శివకాశిలో అచ్చుపని వర్ధిల్లెను. ఆ యచ్చుపనియే పెరిగి పెద్దదై, నేడు మన యిండ్ల గోడలకు వ్రేలాడు క్యాలెండర్లను, మన పిల్లల నోటుపుస్తకములను దేశము నలుమూలలకును పంపుచున్నది. లారీల కొలది కాగితము వచ్చి దిగి, అచ్చై, మరల లారీల కెక్కి తరలిపోవు ఈ సీమలోనే, ఒక ప్రభుత్వ పాఠశాలలోని ఉపాధ్యాయుడు నెలపరీక్షకు ప్రశ్నపత్రములను జెరాక్సు తీయింపదలచినయెడల, ఎన్ని ఠావులు మిగిలియున్నవో, ఎన్నింటికి బిల్లు మంజూరగునో వ్రేళ్లు మడిచి లెక్కించుకొనవలసిన స్థితి కలదు. ఆ లెక్క చిన్నదిగా కనబడును గాని, దాని వెనుక యంత్రశాస్త్రము, ధర్మశాస్త్రము, ప్రభుత్వ ధనవ్యయ విధానము అను మూడు పెద్ద సంగతులు దాగియున్నవి.

ఈ సీమ తెలుగువారికి పరాయిది కాదు. విజయనగర ప్రభువుల కాలమునను, తరువాత మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన కమ్మవారును, రెడ్లును, రాజకంబళ నాయకులును ఈ నల్లరేగడిని దున్ని గ్రామములను నిలిపిరి. రాజపాళయమున రాజులు స్థిరపడిరి. కోవిలుపట్టికి చేరువనున్న ఇడైశెవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంట తెలుగే మాటలాడి, తమిళమున కథలు వ్రాసి, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందెను. ఆయన 'గోపల్ల గ్రామము' ఈ తెలుగు వలస కుటుంబముల కథయే. ఇట్టి గ్రామముల బిడ్డలు నేటికిని ఇంట తెలుగున పలికి, బడిలో తమిళమున వ్రాయుచున్నారు.

బడికి వలసిన వస్తువులు ఎవరివ్వవలెనను ప్రశ్న ఈ సీమకు క్రొత్తది కాదు. విరుదునగరమున జన్మించిన కామరాజు 1954 మొదలు 1963 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండి, ఆకలితోనున్న బిడ్డకు అక్షరము రుచింపదని యెరిగి, కోవిలుపట్టికి సమీపమున, ఒకప్పుడు తెలుగు నాయక పాళెగాండ్రు ఏలిన ఎట్టయాపురమున 1956లో మధ్యాహ్న భోజన పథకమునకు శ్రీకారము చుట్టెను. ఆ కాలముననే విద్యాశాఖ సంచాలకుడుగా నున్న నె. దు. సుందరవడివేలు 1958 ప్రాంతమున పాఠశాలాభివృద్ధి సమావేశములను నడిపించి, బడికి బల్లలు, గడియారములు, పుస్తకములు, భవనములు ఊరివారే సమకూర్చునట్లు ప్రోత్సహించెను. కడుపునకు ప్రభుత్వము, ఉపకరణములకు ఊరు అను ఆ విభజన కొంతకాలము చక్కగా సాగెను. కాని బల్ల ఒకసారి యిచ్చిన ఇరువదేండ్లు నిలుచును. కాగితమో, ఇచ్చిన నెలకే తీరిపోవును. దాతకు బల్లమీద పేరు వ్రాయించుకొనుట సాధ్యము గాని, ప్రశ్నపత్రముమీద వ్రాయించుకొనుట సాధ్యము కాదు. అందువలన కాగితము ఎప్పుడును దానధర్మముల పట్టికలో చివరనే నిలిచెను.

తరువాతి కాలమున కేంద్రప్రభుత్వము రంగమున ప్రవేశించెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి 1987లో ఆరంభమైన 'నల్లబల్ల పథకము' ప్రాథమిక పాఠశాలలకు కనీసముగా గదులు, గురువులు, నల్లబల్ల, బోధనోపకరణములు ఉండవలెనని నియమించెను. సర్వశిక్షా అభియానము వచ్చినప్పుడు ఉపాధ్యాయునికి బోధనసామగ్రి నిమిత్తము ఏటికి 500 రూపాయలు విడిగా నిచ్చుచుండిరి. ఆ సొమ్ము స్వల్పమే యైనను, అది పంతులుగారి పేరున వచ్చు సొమ్ము. చార్టు కొనవలెనా, కాగితము కొనవలెనా యను నిర్ణయము ఆయనదే. 2018లో సమగ్రశిక్ష యను పథకమున పాతవన్నియు కలిసిపోయి, విద్యార్థుల సంఖ్యను బట్టి పాఠశాల మొత్తమునకు ఒకే గ్రాంటు నిచ్చు పద్ధతి వచ్చెను. 30 మందికి లోపున్న బడికి 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 మంది వరకు 50,000, వేయిమంది వరకు 75,000, అంతకు మించిన లక్ష. ఇందులో పదవవంతైనను పారిశుద్ధ్యమునకు కేటాయింపవలెను. మిగిలిన దానిలోనుండియే విద్యుత్తు బిల్లు, చిల్లర మరమ్మతులు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, తుదకు కాగితము.

ఇప్పుడు లెక్క వేసి చూతము. ఒక బడిలో 200 మంది పిల్లలున్నారనుకొందము. ఐదు విషయములు, పది నెలలు, నెలకు విషయమున కొక్క ఠావు, ఇరుప్రక్కల అచ్చు. అనగా ఏటికి పదివేల ఠావులు. రీమునకు 500 ఠావుల చొప్పున ఇరువది రీములు. ఎ4 కొలత ఠావులు పదునారు కలిసి ఒక చదరపు మీటరగును గనుక, చదరపు మీటరునకు 75 గ్రాముల బరువుగల సాధారణపు జెరాక్సు కాగితమున ఒక్క ఠావు ఐదు గ్రాములకు కొంచెము తక్కువ తూగును. రీము రమారమి రెండు కిలోల మూడువందల యేబది గ్రాములు. ఇరువది రీములు నలుబదియేడు కిలోలు. రీము మూడువందల రూపాయలని పెట్టుకొన్నచో కాగితమునకు ఆరువేలు చాలును. కాని బడిలో యంత్రము లేక వీధి దుకాణమున ప్రక్క కొక రూపాయి వంతున తీయించినయెడల ఇరువదివేల రూపాయలగును. ఈ బడికి వచ్చు గ్రాంటు ఏబదివేలు. దానిలో ఐదింట రెండు వంతులు ప్రశ్నపత్రములకే పోయిన, విద్యుత్తు బిల్లు ఎవరు కట్టవలెను? హెడ్మాస్టరు ఇండెంటుమీద సంతకము చేయుటకు వెనుకాడుట పిసినారితనము కాదని దీనివలన తెలియుచున్నది.

యంత్రముల సంగతి తెలిసికొన్నచో ఈ వ్యయము ఎక్కడ పుట్టుచున్నదో స్పష్టమగును. వెనుకటి తరము పంతుళ్లకు సైక్లోస్టైలు యంత్రము సుపరిచితము. మైనపు పూత గల స్టెన్సిలు కాగితముమీద రిబ్బను తీసిన టైపుమిషనుతో గాని, ఇనుప గంటముతో గాని వ్రాసిన, అక్షరము పడినచోట మైనము చెదరి సందు ఏర్పడును. దానిని సిరా పూసిన డ్రమ్మునకు చుట్టి త్రిప్పిన ఆ సందులగుండ సిరా దిగి కాగితమున కంటుకొనును. తప్పు దొర్లినయెడల ఎర్రని ద్రవము పూసి మూసివేసెడివారు. శ్రమ యంతయు మొదటి ప్రతిలోనే. తరువాతి ప్రతులు కాగితపు ఖరీదుకే వచ్చును. నూరు ప్రతులు కావలసిన బడికి ఇది తగిన యంత్రము.

జెరాక్సు యంత్రపు మార్గము వేరు. అమెరికాలో పేటెంటు పత్రములకు నకళ్లు తీయించుటలో విసిగిన చెస్టర్ కార్ల్‌సన్ అను నాతడు, 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో, గంధకము పూసిన తుత్తునాగపు రేకును చేతిరుమాలుతో రుద్ది విద్యుదావేశము కలిగించి, అక్షరములున్న గాజుపలకగుండ దానిపై దీపకాంతి ప్రసరింపజేసి, సన్నని పొడి చల్లి, మైనపు కాగితముమీదికి ఆ అక్షరములను దింపెను. వెలుగు సోకినచోట ఆవేశము పోవును, నీడపడిన చోట నిలుచును, నిలిచినచోట పొడి అంటుకొనును. ఇదియే ఈ యంత్రరహస్యము. 1959లో వెలువడిన జెరాక్స్ 914 ఈ సూత్రమును కార్యాలయములకు తెచ్చెను. ఇందు స్టెన్సిలు శ్రమ లేదు. కాని మొదటి ప్రతికెంత పొడియో నూరవ ప్రతికిని అంతే. ఎన్ని తీసినను ప్రతి ఒక్కింటి వెల తగ్గదు. ఒకటి రెండు ప్రతులు కావలసిన వకీలునకు అనుకూలమైన ఈ యంత్రము, ఒకే పత్రమునకు రెండువందల ప్రతులు కావలసిన పంతులునకు భారమగుట సహజము. స్టెన్సిలు సూత్రమునే యంత్రము స్వయముగా నిర్వహించుకొను డిజిటల్ డూప్లికేటర్లు నేడు లభించుచున్నవి. మండలమున కొకటి యున్నను, చుట్టుపట్ల బడులన్నియు తమ కాగితము తెచ్చుకొని అచ్చట ప్రతులు తీసికొని పోవచ్చును.

ఇక ధర్మశాస్త్రము. ఇతరుల గ్రంథమునుండి ఒక పాఠమును, ఒక పటమును, కొన్ని అభ్యాసములను నకలు తీయించి పిల్లలకు పంచుట నేరమా యను శంక పలువురు ఉపాధ్యాయులకు కలదు. 1957 నాటి మన కాపీరైటు చట్టములోని 52వ విభాగము, బోధనాక్రమములో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని చేయు పునర్ముద్రణమును, పరీక్షాప్రశ్నలలో భాగముగా చేయు పునర్ముద్రణమును ఉల్లంఘనగా పరిగణింపరాదని చెప్పుచున్నది. దీని వ్యాప్తి యెంత యను వివాదము ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణముమీద 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మొదలగు ప్రచురణసంస్థలు వేసిన దావాలో తేలెను. 2016 సెప్టెంబరులో ఏకన్యాయమూర్తి దావాను కొట్టివేసెను. డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనము, బోధనకు ఎంత అవసరమో అంత మేరకు నకలు న్యాయమే యని, ఇన్ని పుటలే యను సంఖ్యను చట్టము విధింపలేదని వివరించెను. 2017 మే నెలలో సుప్రీంకోర్టు జోక్యము చేసికొన నిరాకరించెను. ఇంగ్లండులో బోధనార్థము ఒక గ్రంథమునుండి పండ్రెండు నెలలలో ఐదు శాతమునకు మించి నకలు తీయరాదను సంఖ్యానియమము కలదు. మన దేశమున కొలబద్ద సంఖ్య కాదు, ప్రయోజనము. అట్లని మార్కెట్లో దొరకు గైడు పుస్తకమును అట్టనుండి అట్టవరకు తీయించి పంచుట బోధన యనిపించుకొనదు.

కావున మన పంతులునకు పరిమితి విధించుచున్నది చట్టము కాదు, సొమ్ము. ఈ పరిమితికిని ఒక న్యాయము లేకపోలేదు. చేతికి వచ్చినన్ని కాగితములున్నచో పాఠము చెప్పుటకు మారు కాగితము పంచుటయే బోధనగా చెలామణి యగును. స్టాకు రిజిస్టరు లేనిచోట రీములు ఇతర కార్యములకు తరలిపోవును. కాని పరిమితి మితిమీరినప్పుడు వ్యయము మాయమగుననుకొనుట భ్రమ. అది చోటు మారును, అంతియే. ప్రశ్నలన్నియు నల్లబల్లమీద వ్రాసి, పిల్లలచేత ఎత్తి వ్రాయించిన పీరియడులో మూడవవంతు కరగిపోవును. వెనుకబల్లల బిడ్డ తప్పు వ్రాసికొని తప్పు జవాబు వ్రాయును. లేదా పంతులుగారు తమ జీతమునుండి దుకాణమునకు చెల్లింతురు. మొదటిది బిడ్డ కాలమునుండి, రెండవది గురువు ఇంటినుండి వసూలగు పన్ను. రెండును ఏ ఆడిటులోను కనబడవు.

తెలుగు బిడ్డల విషయమున ఈ కొరత మరియు తీవ్రము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ననుసరించి తమిళనాట తమిళము నిర్బంధ పాఠ్యము. మాతృభాషాలిపిని నేర్పదలచిన గురువునకు గాని, సాయంకాలపు బడి నడుపు గ్రామస్థునికి గాని ఊరిలో తెలుగు పుస్తకము సులభముగా దొరకదు. అట్టివారికి ఒక వాచకపు ప్రతియు, దానినుండి తీసిన అక్షరాభ్యాస పత్రములును తప్ప వేరు దిక్కు లేదు. ఇచ్చట కాగితపు కొరత అక్షరపు కొరతయే.

పొదుపునకు మార్గములు లేకపోలేదు. ప్రశ్నలను ఇరుప్రక్కల అచ్చువేయుట, చిన్న పరీక్షకు అర ఠావుతో సరిపెట్టుట, అభ్యాస పత్రములను తరగతికి ఒక్క కట్టగా తీయించి జవాబులను నోటుపుస్తకమున వ్రాయించి ఆ కట్టనే మరుసటి యేడును వాడుట, విప్పిన రీమును చెమ్మ తగులకుండ చుట్టియుంచుట, ఇవి యెల్ల ఖర్చులేని ఉపాయములు. శివకాశి అచ్చుకూటములలో ఠావుల అంచులు కత్తిరింపగా మిగులు తెల్లముక్కలు చిత్తులెక్కలకు, అక్షరలేఖనమునకు చక్కగా పనికివచ్చును. వానిని చుట్టుపట్ల బడులకు ఇప్పించుట ఆ యజమానులకు భారము కాదు. ఇక క్రొత్త కాగితమునకై దూరము పోనక్కరలేదు. చెరకుపిప్పినుండి కాగితము చేయు తమిళనాడు ప్రభుత్వ కర్మాగారము 1984 నుండి కరూరు సమీపమున కాగితపురములో పనిచేయుచున్నది. జిల్లా విద్యాశాఖ కర్మాగారమునుండి నేరుగా టోకున కొని బడులకు పంచినయెడల చిల్లర వెల తప్పును.

పరిమితి ఉండవలసినదే. కాని అది గ్రాంటులో మిగిలిన చిల్లరను బట్టి గాక బిడ్డల సంఖ్యను బట్టి ఏర్పడవలెను. పై లెక్క ప్రకారము బిడ్డకు ఏటికి 50 ఠావులు చాలును. వాని బరువు పావుకిలో కూడ కాదు. విద్యాహక్కు చట్టముచే ఏర్పడిన పాఠశాల నిర్వహణ సంఘమున తల్లిదండ్రులే అధికసంఖ్యాకులు. జూన్ నెలలో జరుగు మొదటి సమావేశముననే వారు ఈ పావుకిలో కాగితమును గ్రాంటులో ముందుగా వేరుచేసి, స్టాకు రిజిస్టరులో తరగతివారీగా వ్రాయించి, పంతులుగారి జేబును ఆ లెక్కనుండి తొలగింపవలెను.