కార్నియాకు నారుమడి

పండుగకు ముందు ఇండ్లకు సున్నము వేయుట కృష్ణా డెల్టాలో పాత అలవాటు. తాంబూలములో సున్నము ఎటులను ఉండును. ఇంతగా పరిచితమైన ఈ వస్తువు కంటిలో పడినచో చూపునకు పెద్ద ముప్పు. పొగాకుతో వాడుటకు చిన్న ప్లాస్టిక్ పొట్లములలో అమ్ము తడిసున్నమును పిల్లలు ఆటగా నొక్కుదురు. పొట్లము పగిలి సున్నము కంటిలో చిమ్మును. ఇట్టి గాయములను గూర్చి మన నేత్రవైద్యులు హెచ్చరించుచునే యున్నారు. ఒకప్పుడు ఇట్లు పోయిన చూపు తిరిగి వచ్చుట దుర్లభము. నేడు అనేకులకు అది సాధ్యమైనది. అదెట్లో చూతము.

నల్లగుడ్డుకు ముందు, గడియారపు అద్దమువలె అమరియున్న పారదర్శకమైన పొరను కార్నియా అందురు. నడుమ దీని మందము సుమారు అర మిల్లీమీటరు. దీనిలో రక్తనాళములు లేవు. కావలసిన ఆక్సిజనును ముఖ్యముగా గాలినుండి కన్నీటిద్వారా గ్రహించును. దీని పైతలమున అయిదారు వరుసల కణములు గల పలుచని కవచమున్నది. ఆ కణములు నిత్యము రాలిపోవుచుండును. వారము పదిరోజులలో కవచమంతయు క్రొత్తదగును. మరి క్రొత్త కణములు ఎక్కడనుండి వచ్చుచున్నవి?

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలియు అంచునకు లింబస్ అని పేరు. మూలకణములు అచ్చట నుండును. మూలకణమనగా తనవంటి కణమును నిలుపుకొనుచు, పనిచేయు కణములను పుట్టించు కణము. కనుక లింబస్ కార్నియాకు నారుమడి వంటిది. అంతేగాక అది గట్టువలె నిలిచి, తెల్లగుడ్డుపై నుండు పొరను కార్నియాపైకి రానీయదు.

సున్నము క్షారము. సున్నపుతేటలో ఎర్ర లిట్మస్ కాగితము నీలమగుట విద్యార్థు లెరిగినదే. ఆమ్లము సాధారణముగా పైపొరలోని ప్రోటీనులను గడ్డకట్టించును. ఆ గడ్డయే అడ్డమగుటచే అది అంత లోతునకు పోజాలదు. క్షారమట్లు కాదు. కణముల పొరలలోని క్రొవ్వును సబ్బుగా మార్చి లోనికి చొచ్చుకొనిపోవును. లింబస్ కాలినచో నారుమడి పోయినట్లు, గట్టు తెగినట్లు కూడ. తెల్లగుడ్డు పొర రక్తనాళములతో కార్నియాపైకి ప్రాకి, దానిని మసకపరచును. అప్పుడు నేత్రదానమున లభించిన కార్నియాను మాత్రమే అమర్చినచో అది నిలువదు; ఏలయనగా దాని పైకవచమును పెంచు మూలకణములు ఆ కంట లేవు.

1997లో ఇటలీలో గ్రజియెల్లా పెల్లెగ్రిని, ఆమె సహచరులు ఇద్దరు రోగుల మంచి కంటినుండి లింబస్ ముక్కను తీసి, ప్రయోగశాలలో కణములను పెంచి, కాలిన కంటికి అమర్చిరి. గుంటూరులో వైద్యవిద్య నభ్యసించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదున నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందు ఇట్టి చికిత్స 2001లో మొదలయ్యెను. విజయవాడ చెంత తాడిగడపలో ఆ సంస్థకు ప్రాంగణము కలదు.

కణములు వ్యాపించుటకు ఒక ఆధారము వలయును. గర్భమందు శిశువును చుట్టియుండు ఉమ్మనీటి సంచి పొర ఇందుకు చక్కగా పనికివచ్చినది. అది పలుచన, అందు కొల్లాజెన్ ఉన్నది, వాపును తగ్గించును, శరీరము దానిని సులభముగా తిరస్కరించదు. కాన్పు అయిన పిదప తల్లి సమ్మతితో సేకరించి, పరీక్షించి, భద్రపరతురు. దీనిపై కణములను సుమారు రెండు వారములు పెంచి కంటికి అమర్చిరి. ఇట్లు చికిత్స పొందిన 200 మందిలో 71 శాతమునకు కార్నియా పైతలము నిలకడగా నున్నదని 2011లో ప్రకటించిరి.

అయితే కణములను పెంచుటకు ఖరీదైన ప్రయోగశాల కావలెను. కంటినే ప్రయోగశాల చేసినచో? 2012లో వీరేందర్ సంగ్వాన్, సాయన్ బాసు, షీలా మాక్‌నీల్, డి. బాలసుబ్రహ్మణ్యన్ ఈ మార్గమును ప్రకటించిరి. మంచి కంటి లింబస్ నుండి రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్కను తీసి, ఎనిమిది పది తునకలు చేయుదురు. కాలిన కార్నియాను శుభ్రపరచి, ఉమ్మనీటి సంచి పొరను పరచి, తునకలను వలయముగా ఫైబ్రిన్ జిగురుతో అంటింతురు. ఇది నాట్లు వేయుట వంటిదే. తునకల నుండి కణములు వ్యాపించి ఒకదానినొకటి కలియును. తొలి ఆరుగురిలోను ఆరు వారములలో కవచము ఏర్పడెను. 2016లో ప్రకటించిన 125 మంది ఫలితములలో 95 మందికి చికిత్స సఫలమయ్యెను. దీనిని 'స్లెట్' అని పిలుతురు.

దీనికిని హద్దులు కలవు. రెండు కన్నులును కాలినచో ఇతరుల కణములు తేవలెను. వానిని శరీరము తిరస్కరింపకుండ మందులు వాడవలెను. లోతున మచ్చ పడినచో నేత్రదానమే శరణ్యము. 2022లో హైదరాబాదు శాస్త్రజ్ఞులు మానవ కార్నియా కణజాలమునుండి తీసిన పదార్థముతో త్రిమితీయ ముద్రణచే కార్నియాను తయారుచేసి, కుందేలు కంటికి అమర్చిరి. అది ప్రయోగదశలోని పని.

అన్నిటికంటె మేలైన చికిత్స నారుమడిని కాపాడుకొనుటయే. సున్నము కంటిలో పడినచో నలుపరాదు. వెన్న, పాలు వంటివి పోయరాదు. ఆ క్షణముననే రెప్పలు విప్పి, శుభ్రమైన నీటిధారతో కనీసము అరగంట కడుగవలెను. కనబడు సున్నపు పలుకులను తొలగించి, వెంటనే నేత్రవైద్యుని కడకు పోవలెను. క్షారముల పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు ఈ నాలుగు మాటలు చేర్చినచో, ఆ తరగతిలోని యొక పిల్లవాని చూపు నిలువవచ్చును.