ఈ.టీ. గుంతలో ఎందుకు పడుతుంది?

దర్శకుడు స్పీల్‌బర్గ్ తీసిన అదే పేరుగల సినిమా ఆధారంగా అటారీ 2600 అనే గేమ్ యంత్రం కోసం 1982లో వచ్చిన ‘ఈ.టీ.’ వీడియో గేమును మొదటిసారి ఆడినవాళ్లెవరికైనా ముందు గుర్తుండేది గుంత. అడవిలో వ్యోమనౌక దిగుతుంది. గ్రహాంతర జీవి ఈ.టీ. నేల మీద నిలబడుతుంది. మనం జాయ్‌స్టిక్‌ను పక్కకు తోస్తాం, తెర మారుతుంది, మారీమారగానే ఈ.టీ. గుంతలో ఉంటుంది. బటన్ నొక్కితే మెడ సాచి పైకి తేలుతుంది. అంచు దాటామనుకునేలోపే మళ్లీ లోపలికి. 9999తో మొదలైన శక్తి అడుగడుగుకూ తరుగుతూ ఉంటుంది, పడితే ఇంకా తరుగుతుంది. ఇంటికి కబురు పెట్టడానికి కావలసిన టెలిఫోన్ ముక్కలు మూడూ ఆ గుంతల్లోనే దాగి ఉంటాయి. వాటిని వెతుకుతుంటే ఒకవైపు ప్రభుత్వ ఏజెంటు వచ్చి ముక్క లాక్కుపోతాడు, మరోవైపు శాస్త్రవేత్త వచ్చి ఈ.టీ.నే ఎత్తుకుపోతాడు. ఆటలోని ఆరు తెరలూ ఒక ఘనం ఆరు ముఖాల్లా అతికి ఉన్నాయని తెలిసేదాకా ఏ అంచు దాటితే ఎక్కడ తేలతామో అంతుపట్టదు.

చరిత్రలోకెల్లా చెత్త ఆట అని దీనికి పేరు. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాంలో ఆడి చూశాక నా మనసు మాత్రం ఆ గుంత అంచు దగ్గరే ఆగిపోయింది. తరగతిలో చూపించినప్పుడు ఒక అమ్మాయి సూటిగా అడిగింది: “కాళ్లు ఇంకా గట్టు మీదే ఉన్నాయి కదా సార్, ఎందుకు పడింది?” దీనికి జవాబు ఆ యంత్రం కడుపులో ఉంది.

1977లో వచ్చిన అటారీ 2600 జ్ఞాపకశక్తి మొత్తం 128 బైట్లు. తెర మీద అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 192 గీతలు. ఒక్కో చుక్కకు ఒక్క బిట్ చొప్పున వేసుకున్నా బొమ్మ దాచడానికి 3,840 బైట్లు కావాలి. అంటే ఉన్నదానికి 30 రెట్లు. అప్పట్లో మెమరీ ఖరీదైన సరుకు. అందుకే జే మైనర్, జో డెక్యూర్ తదితర ఇంజనీర్లు బొమ్మను దాచుకోవడమనే ఆలోచననే వదిలేశారు. ఈ యంత్రంలో పూర్తి తెర ఎక్కడా ఉండదు. టీవీ గీస్తున్న ఆ క్షణానికి కావలసినది మాత్రమే ఉంటుంది.

పాత టీవీ గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, వెనక్కి వచ్చి, కింది గీత అందుకుంటుంది. అమెరికా టీవీల్లో ఒక తెరకు 262 గీతలు, సెకనుకు సుమారు 60 తెరలు. అటారీలోని టీ.ఐ.ఏ. అనే చిప్‌కు తెలిసింది ఒక్క గీత సంగతే. ఏ రంగు, ఏ ఆకారం అన్నది కింది గీతలో మారాలంటే, పుంజం అక్కడికి చేరేలోపు ప్రాసెసర్ చిప్‌లోకి కొత్త విలువలు తోసెయ్యాలి. ఒక గీతకు ప్రాసెసర్‌కు దొరికే సమయం 76 గడియార సైకిళ్లు. ఒక్కో ఆదేశానికి రెండు నుంచి ఏడు సైకిళ్లు పడతాయి. లెక్కేస్తే గీతకు పాతిక ఆదేశాలు పట్టడమే గొప్ప.

నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇంకొకటి ఉంది. బొమ్మను ఫలానా చోట నిలబెట్టు అని అంకెతో చెప్పే వీలు ఈ చిప్‌లో లేదు. పుంజం ఆ చోటికి చేరిన క్షణాన “ఇదిగో, ఇక్కడ!” అని ప్రోగ్రాం ఒక ఆదేశం పంపాలి. గొర్రుతో విత్తేటప్పుడు ఎద్దులు ఆగవు, జడ్డిగంలోకి గింజలు వదిలే చెయ్యే వాటి నడకకు సరిపోవాలి, గింజ ఎక్కడ పడుతుందన్నది చెయ్యి ఎప్పుడు వదిలిందన్న దాన్ని బట్టే తేలుతుంది. ఇదీ అంతే. ఇక్కడ చోటు అంటే వేళ. అయితే ప్రాసెసర్ ఒక సైకిల్ పూర్తిచేసేలోగా పుంజం మూడు చుక్కలు ముందుకు పోతుంది. కాబట్టి గురి మొరటుగానే కుదురుతుంది. ఆ తేడా సరిదిద్దడానికి బొమ్మను కొన్ని చుక్కలు అటూ ఇటూ జరిపే మరో ఆదేశం పెట్టారు. ముందు వేళతో పట్టుకోవడం, ఆపైన చుక్కలతో సర్దుకోవడం. జాయ్‌స్టిక్ చదవడం, శక్తి లెక్కగట్టడం, ఏజెంటును నడిపించడం లాంటి ఆట తాలూకు ఆలోచనంతా కంటికి కనిపించని దాదాపు 70 గీతల వ్యవధిలో, అంటే 5,300 సైకిళ్లలో ముగించాలి.

ఇంత ఇరుకులో ఉన్న ప్రాసెసర్‌కు చిప్ ఒక పెద్ద సాయం చేస్తుంది. టీ.ఐ.ఏ. గీయగలిగే వస్తువులు ఆరు: ఇద్దరు ఆటగాళ్లు, రెండు తూటాలు, ఒక బంతి, ఒక ఆటరంగం (ప్లేఫీల్డ్). ఆరింటిలో రెండేసి చొప్పున జతకడితే 15 జతలు. ఏ జతైనా తెర మీద ఒక్క చుక్క దగ్గర కలిసినా, ఆ జతకు కేటాయించిన బిట్ 1 అవుతుంది. ప్రోగ్రాం చెరిపేదాకా అలాగే ఉంటుంది. ఎవరు ఎవరిని తాకారన్న లెక్క ప్రాసెసర్ వేసుకోనక్కర్లేదు. బొమ్మ గీస్తూ గీస్తూనే చిప్ చెప్పేస్తుంది, అదీ చుక్క పొల్లుపోకుండా.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గుంతను మనకు పైనుంచి చూసినట్టు గీశారు, ఈ.టీ.ని పక్కనుంచి చూసినట్టు. గుంతకు కింది పక్కన ఈ.టీ. నిలబడితే దాని తల తెర మీద గుంత రంగును తాకుతుంది. కాళ్లు గట్టు మీదున్నాయి, తల మాత్రమే అడ్డొచ్చిందని మన కన్ను అంటుంది. చుక్కకు చుక్క తగిలిందని యంత్రం అంటుంది. ఆట యంత్రం మాటే విన్నది. ఈ.టీ. పడింది. యంత్రం తప్పు చెప్పలేదు. తాకడం వేరు, పడడం వేరు అన్న విచక్షణ ప్రోగ్రాంలో ఉండాల్సింది, అది లేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక అభిమాని ప్రోగ్రాంను విప్పి, పాదాలను బట్టే పడేలా మార్చాక అదే ఆట హాయిగా నడిచింది.

మరి రాసినవాడికి ఆ మాత్రం తట్టలేదా? హోవర్డ్ స్కాట్ వార్షా సామాన్యుడు కాడు. ‘యార్స్ రివెంజ్’ అనే ఆట రాసినవాడు, ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ సినిమాను ఆటగా మలిచి స్పీల్‌బర్గ్ మెప్పు పొందినవాడు. ఈ.టీ. సినిమా హక్కుల బేరం తెమిలేసరికి 1982 జూలై చివరికొచ్చింది. క్రిస్మస్ అమ్మకాలకు అందాలంటే సెప్టెంబరు 1 కల్లా ఆట సిద్ధం కావాలి. మామూలుగా నెలలు పట్టే పనికి ఆయన చేతికొచ్చింది ఐదు వారాలు. ఇంట్లో కూడా ఒక కంప్యూటర్ పెట్టించుకుని రాత్రింబవళ్లు రాశాడు, గడువుకు ముగించాడు. ‘ప్యాక్‌మ్యాన్’ లాంటిది చేయొచ్చు కదా అని స్పీల్‌బర్గ్ సూచించినా, సినిమాలోని మమకారం కనిపించే కొత్త ఆటే కావాలని పట్టుబట్టాడు. ఆయనకు దొరకనిది ఒక్కటే: నలుగురి చేత ఆడించి, ఎక్కడ విసుక్కుంటున్నారో చూసి దిద్దుకునే వ్యవధి.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. లక్షల కార్ట్రిడ్జ్‌లు అమ్ముడయ్యాయి, లక్షలు మిగిలిపోయాయి. 1983లో అటారీ నష్టాల్లో కూరుకుపోయింది. ఆ సెప్టెంబరులో మిగిలిన సరుకులో కొంత న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్తకుప్పలో పూడ్చారు. 2014లో తవ్వి తీశారు, అందులో ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియం చేరింది. అప్పట్లో వీడియో గేమ్ పరిశ్రమ కుప్పకూలడానికి మార్కెట్‌ను ముంచెత్తిన నాసిరకం ఆటల దగ్గర్నుంచి ఎన్నో కారణాలున్నా నింద మాత్రం ఈ ఒక్క ఆట నెత్తిన పడింది.

ఈ.టీ. చెత్త ఆట కాదు, సానపట్టకుండా అమ్మేసిన మంచి ఆట. ఆడాలనుకుంటే ముందు దాని మాన్యువల్ చదవండి, గుంతకు కింది పక్కన తల తగలనంత ఎడంగా నడవండి. ఇంట్లో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలుంటే ఎమ్యులేటర్ ఇచ్చి 76 సైకిళ్లలో ఒక్క రంగుల గీత గీయమనండి. కంప్యూటర్‌కు సమయం అంటే ఏమిటో ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా నేర్పలేదు.