తొమ్మిది కత్తులు విరిగిన చెయ్యి

ఒకే రోజు, ఒకే చేతిలో తొమ్మిది కత్తులు విరిగాయంటే నమ్ముతారా? 629లో, ఇప్పటి జోర్డాన్‌లోని మూతా దగ్గర బైజాంటైన్ సేనతో పోరాడిన నాడు తనకు అదే జరిగిందని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ స్వయంగా చెప్పుకున్నారు. చివరికి చేతిలో నిలిచింది ఒక్క యెమెన్ కత్తి. ముగ్గురు సేనానులు వరసగా నేలకొరిగాక జెండా ఆయన చేతికొచ్చింది. ముస్లిం సేనను గండం గట్టెక్కించి వెనక్కి తెచ్చారు. ‘సైఫుల్లా’, అంటే అల్లాహ్ ఖడ్గం అన్న బిరుదు ఆ పోరుతోనే వచ్చింది. మన ఊళ్ళలోనూ సైఫుల్లాలు ఉన్నారంటే ఆయన చలవే.

విచిత్రమేమంటే, అంతకు నాలుగేళ్ళ ముందు, ఇంకా ఇస్లాంలోకి రాకముందు, ఉహుద్ యుద్ధంలో ముస్లింలను వెనకనుంచి దెబ్బతీసిందీ ఈయన గుర్రపుదండే!

634లో ఇరాక్ నుంచి సిరియాకు చేసిన ప్రయాణం ఇంకో వింత. నీళ్ళు లేని ఎడారిలో అయిదు రోజుల దారి. ఒంటెలను బాగా దప్పికపెట్టి, కడుపునిండా తాగించి, నెమరు వెయ్యకుండా మూతులు కట్టేశారట. మజిలీకి కొన్నింటిని కోసి, కడుపులోని నీళ్ళు గుర్రాలకు పట్టించారట. దారి చూపే రాఫీకి చూపు సరిగా ఆనదు. ముళ్ళపొద ఒకటుండాలి, వెతకండన్నాడు. మొదలు మాత్రమే మిగిలిన పొద దొరికింది. అక్కడ తవ్వితే నీరు పడింది. తబరీ చరిత్రలో ఉన్న కథ ఇది. ఒంటె కడుపు నీళ్ళ సంగతి ఎలా ఉన్నా, నాకు ఆ ముళ్ళపొదే గుర్తుండిపోయింది.

యుద్ధాల్లో ఓటమి ఎరగని వీరుడంటారు. నన్నడిగితే అసలు రికార్డు వేరే. ఖలీఫా ఉమర్ ఆయన్ను సర్వసేనాని పదవి నుంచి తప్పించి అబూ ఉబైదాకు అప్పగించారు. ఖాలిద్ అలిగి ఇంటికి పోలేదు. 636లో యర్మూక్ యుద్ధంలో ఆ అబూ ఉబైదా కిందే పోరాడి గెలిపించారు.

ఒళ్ళంతా గాయాల మచ్చలున్న మనిషి, 642లో మంచం మీద కన్నుమూశారు. యుద్ధంలో పోలేదన్నదే ఆయన దిగులు. మిగిల్చిన ఆస్తి గుర్రం, ఆయుధాలు, ఒక బానిస. మదీనాలో ఆయన వంశపు ఆడవాళ్ళు ఏడుస్తుంటే వారించమని ఎవరో ఉమర్‌తో అన్నారు. చావుల దగ్గర శోకాలు సహించని ఉమర్, ఆ ఒక్కసారికి ఏడవనివ్వండన్నారు.