పాము లేని పాముపెట్టెతో నెల రోజులు

పోయిన చలికాలం డల్లాస్‌లో ఓ రెప్టైల్ ఎక్స్‌పోకి వెళ్లా. నిజం చెప్పాలంటే టైమ్‌పాస్‌కే. హాలు నిండా టేబుళ్లు, ప్లాస్టిక్ డబ్బాల్లో పాములు, బల్లులు. ఒక డబ్బాలో అడుగున్నర కూడా లేని గోధుమరంగు పాముపిల్ల చుట్ట చుట్టుకుని పడుకుంది. పెద్ద విశేషమేం కనిపించలేదు. అమ్మే ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని లైటు కింద ఇటూ అటూ తిప్పాడు. అంతే! వాన నీళ్ల మీద పెట్రోల్ చుక్క పడితే రంగులు కనిపిస్తాయి చూడండి... నీలం, ఊదా, ఆకుపచ్చ... అవన్నీ దాని ఒంటిమీద పాకాయి.

దాని పేరు బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా. సొంతూరు అమెజాన్ అడవులు. విషం లేదు. ఎదిగితే ఐదారు అడుగులవుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఆ మెరుపు చర్మంలో ఉండే రంగు కాదు. పొలుసుల మీద కంటికి కనిపించనంత సన్నని గీతలుంటాయి, అవి వెలుగును విడగొడితే అలా కనిపిస్తుంది.

రేటు నా ఫోన్ కంటే తక్కువ! పర్సు తీశా. ఆయన తీసుకోలేదు. "చలికాలం మీ ఇంట్లో తేమ ఎంత ఉంటుంది?" అని అడిగాడు. నాకేం తెలుసు? "అయితే ముందు ట్యాంక్ కొను. పాము లేకుండా నెల రోజులు నడుపు. అప్పుడు రా" అన్నాడు. అమ్ముకోడానికి వచ్చి అమ్మనంటాడేంటని కొంచెం మండింది. కానీ ఆలోచిస్తే, కోడ్‌ని టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌లో పెట్టనివాణ్ణి, ప్రాణమున్నదాన్ని ఎలా తెచ్చి పెట్టేస్తా?

ట్యాంక్, హీటర్, థర్మోస్టాట్, తేమ కొలిచే సెన్సర్ తెచ్చా. వేడి తేలిగ్గానే కుదిరింది. ఒక పక్క 28 డిగ్రీలు, ఇంకో పక్క 24. ఈ పాముకి ఎండ దెబ్బ పడదు, 32 దాటితే ప్రమాదం. అసలు తంటా తేమతోనే వచ్చింది. పెద్ద పాముకి 75 శాతం దాకా కావాలి, పిల్లకి అంతకంటే ఎక్కువ. మా అపార్ట్‌మెంట్‌లో హీటింగ్ ఆన్ చేస్తే గాలి ఎండిపోయి నా పెదాలే పగులుతాయి. మొదటివారం ఎంత నీళ్లు చల్లినా 60 దాటలేదు. చెట్టు బెరడు పొట్టు మందంగా పరిచి, నాచు వేసి, జాలీ మూత సగం ఫాయిల్‌తో కప్పా. 88కి వెళ్లింది. ఎగిరి గంతేశా. నాలుగు రోజులకే బూజు వాసన!

ఇక్కడే చాలామంది పొరపడతారు. తేమ అంటే తడిపి మూసేయడం కాదు, గాలి కూడా ఆడాలి. తేమ తగ్గితే కుబుసం సరిగ్గా ఊడదు, కళ్ల మీది పొర అక్కడే ఉండిపోతుంది. తడి ఎక్కువై గాలి ఆడకపోతే పొలుసులు పాడవుతాయి, ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మూడోవారానికి ఎలాగో కుదిరింది. నాలుగోవారం ఫ్రెండ్ పెళ్లికని మూడు రోజులు ఆస్టిన్ వెళ్లొచ్చేసరికి సెన్సర్ మీద 48. లోపల పాము ఉండుంటే?

ఈలోగా అమ్మకి వీడియో కాల్‌లో ట్యాంక్ కనిపించింది. "ఒరేయ్, నాగులచవితికి పుట్టలో పాలు పోస్తే చాలదా, ఇంట్లోనే పెట్టుకుంటావా?" అంది.

"ఇది పాలు తాగదమ్మా. ఎలుకల్ని తింటుంది. ఫ్రోజెన్‌వి దొరుకుతాయి."

"ఎక్కడ పెడతావ్?"

నేను మాట్లాడలేదు. మా ఫ్రీజర్‌లో కరివేపాకు, కొబ్బరి తురుము ఉంటాయి. రూమ్మేట్ గుడ్డు కూడా ముట్టడు. "మామా, ఎలుకొస్తే నేను పోతా" అని వాడు ముందే చెప్పేశాడు.

వాడిని ఎలాగో ఒప్పించొచ్చు. ఒప్పించలేనిది ఒకటుంది. ఈ పాములు 20 ఏళ్లు బతుకుతాయి. నేనేమో హెచ్1బీ మీద ఉన్నా, ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. మా టీమ్‌లో ఇద్దరు అలాగే సామాన్లు సర్దుకున్నారు. ఇండియాకి వెంట తీసుకెళ్దామంటే సూట్‌కేసులో పెట్టుకొచ్చే వస్తువా అది? బోవాలన్నీ సైటిస్ జాబితాలో ఉన్నాయి, దేశం దాటించాలంటే పర్మిట్లు కావాలి. మన దగ్గర కూడా 2022 చట్ట సవరణ తర్వాత ఇలాంటి విదేశీ జీవులుంటే రిజిస్టర్ చేయాల్సిందే. 60 రోజుల్లో నా సామానుతో పాటు ఇవన్నీ తేల్చగలనా? లేదంటే ఎవరో ఒకరి చేతిలో పెట్టేసి విమానం ఎక్కాలి.

ఇంకో సంగతి నెలాఖరున తట్టింది. ఇది రాత్రి తిరిగే పాము. పగలంతా నాచు కింద దాక్కుంటుంది. పిల్లప్పుడు చెయ్యి పెడితే కరవడం కూడా మామూలే. ఆ రంగులు చూడాలంటే చీకట్లో ఉన్నదాన్ని బయటికి తీసి లైటు కింద పట్టుకోవాలి. నాకు కావాల్సింది ఆ రంగులే. దానికి కావాల్సిందేమో చీకటి, తడి, ఒంటరితనం.

మొదటిసారి పాము పెంచాలనుకునేవాళ్లకి కార్న్ స్నేక్, బాల్ పైథాన్ తేలికంటారు, నిజమే. ఇదే కోవలో కొలంబియన్ రెయిన్‌బో బోవా పొడి గాలిని కాస్త తట్టుకుంటుంది, రంగులు మాత్రం అంతగా మెరవవు. ఒకేచోట స్థిరపడి, రోజూ సెన్సర్ చూసుకునే ఓపిక, ఊరెళ్తే చూసుకునే మనిషి ఉన్నవాళ్లకి బ్రెజిలియన్ మంచి పామే. నేను ప్రస్తుతానికి ఆ లిస్టులో లేను.

అమ్మే ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పా. "మంచిది. గ్రీన్‌కార్డ్ వచ్చాక చెయ్" అని నవ్వాడు. నా వరస ఎప్పటికొస్తుందో ఆయనకేం తెలుసు! ట్యాంక్ ఇంకా హాల్లోనే ఉంది. దాంట్లో కొత్తిమీర వేద్దామని రూమ్మేట్ గొడవ.