మీటలో లేని నాలుగవ స్థానము

అచ్చంపేట నుండి దక్షిణముగా మన్ననూరు దిక్కునకు సాగినకొలదియు చేలు వెనుకబడి, నేల మెల్లగా ఎత్తై, నల్లమల కొండలు త్రోవకు ఎదురు నిలుచును. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలోనిదై 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన ఈ సీమలో బండి నడుపువానికి రెండు విధములైన మార్గములు తటస్థించును. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని ప్రసిద్ధి గాంచిన ఉమామహేశ్వర క్షేత్రమునకు రంగాపురము మీదుగా ఎక్కెడి ఘాటురోడ్డువంటి గట్టి బాట యొకటి. అమ్రాబాదు పులుల అభయారణ్యములోని అప్పాపూరు, భౌరాపూరు మొదలగు చెంచుపెంటలకు పోవు రాళ్లును మట్టియు కలిసిన అడవిదారి మరియొకటి. మనవారు ఫోర్ బై ఫోర్ అని పిలుచు పికప్పు రెండవ దానికొరకు నిర్మింపబడినది. దానిలో దాగియున్న మందగతి బలమును మొదటి దానిపైన, వెనుక చక్రములు రెంటితో మాత్రమే, వాడుకొనుటకు వీలున్నదా యనునది ఇచ్చటి ప్రశ్న.

ఇట్టి బండిలో గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అను వేరొక పెట్టె యుండును. టూ హై అను స్థానములో ఇంజను శక్తి వెనుక చక్రములకు మాత్రమే పోవును. ఫోర్ హైలో ముందు చక్రములకును చేరును. ఫోర్ లోలో నాలుగింటికిని చేరుటయే గాక, లోపలి పండ్లచక్రముల అమరిక వలన వేగము రమారమి రెండున్నర రెట్లు తగ్గి, బలము అంతకు అంత పెరుగును. లెక్కకొరకు ఒక బండిని ఊహింతము: మొదటి గేరు నాలుగు రెట్లు, ఇరుసులోని క్రౌను, పినియనులు నాలుగు రెట్లు వేగమును తగ్గించుననుకొన్నచో, ఇంజను నిమిషమునకు 1000 చుట్లు తిరుగునప్పుడు చక్రము సుమారు 62 చుట్లు తిరుగును, చక్రము చుట్టుకొలత 2.2 మీటర్లైనచో బండి గంటకు దాదాపు 8 కిలోమీటర్లు పోవును. లోలో అదే ఇంజను అదే చుట్లతో గంటకు 3.3 కిలోమీటర్ల వేగముననే బండిని లాగును. మనిషి నడకకంటెను మందమైన ఈ గతి, క్లచ్చును సగము నొక్కిపట్టు అవసరము లేకుండ లభించుటయే దీని సారము.

మరి ఫోర్ లో ఉండగా గట్టి బాటపై దానినే వాడరాదా యని అడుగవచ్చును. వాడరాదు. మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు వెనుక చక్రములకంటె వెడల్పైన దారిన పోవును గనుక అవి ఎక్కువ చుట్లు తిరుగవలెను. కాడికి కట్టిన ఎద్దులు రెండును మలుపులో సమానమైన అడుగులే వేయవలెనని పట్టుబట్టినచో కాడి మెలిదిరుగునట్లు, ముందు వెనుక ఇరుసులు రెండును ఒకదానితో నొకటి బిగింపబడిన ఈ బండ్లలో, ఆ భేదము తీరు దారి లేక షాఫ్టులు మెలిపడును. మట్టిమీద టైరు కొంచెము జారి ఆ బిగువును విడిపించుకొనును. తారుమీదను, సిమెంటుమీదను జారలేదు. స్టీరింగు బరువెక్కును, టైర్లు అరుగును, మీట ఫోర్‌లోనే బిగుసుకొని వెనుకకు రాదు.

కాని మందగతి అవసరము గట్టి నేలపైననే తరచుగా కలుగును. వేరుశనగ బస్తాలతో నిండిన ట్రాలీని తగిలించుకొని, అచ్చంపేట మార్కెట్టు యార్డువంటి చోట, రద్దీలో, సిమెంటు గచ్చుపై వెనుకకు నడుపు డ్రైవరును గమనింపుడు. రివర్సు గేరు వానికి మిక్కిలి వేగమైనది. అందుచేత సగము క్లచ్చుపై కాలునుంచి అంగుళమంగుళముగా జరుపును. కొంతసేపటికి కాలిన ప్లేటు వాసన ముక్కునకు తగులును. ఉమామహేశ్వరపు ఎక్కుడులో, ముందుబండి ఆగిన చోటనే ఆగి, నిండు బరువుతో మరల కదలవలసినప్పుడును ఇదే బాధ. వానికి కావలసినది నాలుగు చక్రముల పట్టు కాదు, నెమ్మది మాత్రమే. ఆ నెమ్మదిని వెనుక చక్రములకు మాత్రమే ఇచ్చు స్థానమే టూ లో.

తయారీదారులు దీనిని ఊరక నిరాకరింపలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీసు జీపులో గేరు మీటకు తోడు, ముందు ఇరుసునకొకటి, మందగతికొకటి యని వేర్వేరు మీటలున్నను, ముందు ఇరుసును కలుపనిదే మందగతిలో పడకుండునట్లు లోపల ఒక అడ్డుచీల నుంచిరి. మన దేశమున జీపులను కూర్చిన మహీంద్రా సంస్థ ద్వారా పరిచయమైనది ఆ సంప్రదాయమే. దానికి హేతువు స్పష్టము: మందగతిలో పెరిగిన బలము నాలుగు చక్రములకు పంచబడినచో ఇరుసులు సహించును, వెనుకకే అంతయు పోయినచో, చక్రము రాతిసందున చిక్కుకొని యున్న వేళ, హాఫ్ షాఫ్టు విరుగవచ్చును, క్రౌను పండ్లు ఊడవచ్చును.

ఐనను టూ లోను సాధించు త్రోవలు కలవు. వానిలో ఉత్తమమైనది ముందు చక్రముల నడుమ తిప్పుడు హబ్బులున్న బండ్లకు చెల్లును. బండి నాపి, దిగి, చక్రము నడుమనున్న బిళ్లను లాక్ గుర్తునుండి ఫ్రీ గుర్తునకు వ్రేళ్లతో తిప్పుడు. ప్రక్కకు మారి రెండవ చక్రమునకును అట్లే చేయుడు. పిమ్మట ఫోర్ లో వేయుడు. ముందు షాఫ్టు తిరుగును గాని ఆ శక్తి చక్రమునకు అందదు. లాగునవి వెనుక చక్రములే. ఒకవైపు మాత్రమే వదలి మరచి, పిదప టూ హైలో నడిపినచో ముందు డిఫరెన్షియలులోని చిన్న పండ్లచక్రములు ఎడతెగక తిరిగి అరుగును గనుక రెండు వైపులను చూచుట తప్పనిసరి. దీనివలన ఏ భాగమును విప్పవలసిన పని లేదు, కోయవలసిన పని లేదు.

ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి అడ్డుచీలను తీసివేయుట రెండవ త్రోవ. పాత అమెరికను ట్రక్కులను ప్రేమించువారు దీనిని చిరకాలముగా చేయుచున్నారు. కొత్త బండ్లలో ముందు ఇరుసును గాలిగొట్టము చేతనో చిన్న మోటారు చేతనో కలుపుదురు. ఆ గొట్టమును మూసి, తీగెను తెంపి ఇదే ఫలము పొందుదురు. ఈ చివరి పని నాకు సమ్మతము గాదు. తీగె తెంపిన బండిలో హెచ్చరిక దీపము వెలుగుట చిన్న విషయము. అడవిలో నిజముగా నాలుగు చక్రములు కావలసిన నాడు అవి రాకపోవుట పెద్ద విషయము.

టూ లో బలప్రదర్శన కొరకు కాదు. బురదలో దిగబడిన బండిని దానితో లాగబూనుట ఇరుసును బలియిచ్చుటయే. గులకరాళ్ల వాలుపై దిగునప్పుడు సయితము అది తగదు. ఇంజను నిలుపుదల అంతయు వెనుక చక్రములపైననే పడి, అవి జారినచో బండి అడ్డము తిరుగును. అచ్చట హబ్బులు బిగించి ఫోర్ లోలోనే దిగవలెను.

నేటి ఇంజనులను కంప్యూటరు శాసించుచున్నది. ఒక్కొక్క గేరులో ఎంత బలము విడువవలెనో అది నిర్ణయింపగలదు. ఇసుజు వారి వీ-క్రాస్ పికప్పు మన శ్రీసిటీ కర్మాగారమున తయారగుచున్నది. దానిలో స్థానములు మూడే: టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. ఇరుసునకు హాని కలుగని మేరకు ఇంజను బలమును తగ్గించి, నాలుగవదిగా టూ లోను కూడ ఇయ్యవలెనని పికప్పులు చేయు సంస్థలన్నిటిని కోరుచున్నాను. అంతవరకు, హబ్బులున్న బండి గల పాఠకులు గచ్చుపై ట్రాలీని వెనుకకు నడుపునప్పుడు క్లచ్చును కాల్చుకొనక, ఒకమారు దిగి ఆ బిళ్లలు రెంటిని తిప్పి చూడుడు.