మళ్ళీ బరువెత్తితే భుజం ఎందుకు నొప్పెడుతుంది?

నాగార్జునసాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసే ఊళ్ళ పిల్లలకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. కురిచేడు, దర్శి వైపు వాళ్ళకైతే అది మరీ బాగా తెలుసు. ఎండాకాలమంతా ఒట్టిపోయిన కాలువకు నీరు వదిలేటప్పుడు మొదటి రోజే నిండుగా వదలరు. ముందు కొంచెం వదులుతారు. గట్లు ఎలా ఉన్నాయో చూసుకుంటూ క్రమంగా పెంచుతారు. ఎందుకు? నీరు తొందరగానే వస్తుంది. కాని ఎండి బీటలు వారిన గట్టు తడిసి బిగుసుకోవడానికి సమయం కావాలి. ఆ సమయం ఇవ్వకపోతే గండి పడుతుంది.

కొన్నాళ్ళు బరువులెత్తడం మానేసి తిరిగి మొదలుపెట్టిన వాళ్ళ భుజంలోనూ ఇటువంటి సంగతే జరుగుతుంది. ఎలాగో చూద్దాం.

మీరు తొమ్మిదో తరగతి చదువుతున్నారు, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుని దగ్గర బరువులెత్తడం నేర్చుకున్నారు అనుకోండి. ఫిబ్రవరిలో 40 కిలోల బార్‌బెల్‌ను తల మీదికి ఎత్తగలిగారు. మార్చిలో పరీక్షలు వచ్చాయి. తరువాత వేసవి సెలవులు. జూన్‌లో బడి తెరవగానే మళ్ళీ బార్ పట్టుకున్నారు. మొదటి వారం 30 కిలోలు లేచాయి. రెండో వారం 35. "ఫరవాలేదు, బలం ఎక్కడికీ పోలేదు!" అని సంతోషించారు. మూడో వారం 40 ఎత్తారు. మర్నాడు చొక్కా వేసుకోవడానికి చెయ్యి పైకెత్తితే భుజం కలుక్కుమంది.

బలం తిరిగి వచ్చింది కదా, మరి నొప్పి ఎందుకు వచ్చింది?

లోతులేని గిన్నె

భుజం కీలును బంతిగిన్నె కీలు అంటారని మీ పాఠంలో చదువుకున్నారు. తుంటి కీలు కూడా ఆ జాతిదే. కాని రెండింటికీ పెద్ద తేడా ఉంది. తుంటిలో గిన్నె లోతుగా ఉంటుంది. తొడ ఎముక తల అందులో బాగా కూరుకుని ఉంటుంది. భుజంలోని గిన్నె మాత్రం పళ్ళెంలాగా ఉంటుంది. దండచేయి ఎముక తలలో మూడోవంతో, అంతకు తక్కువో మాత్రమే దానికి ఆనుకుని ఉంటుంది.

అందుకే చేతిని గిరగిరా తిప్పగలం, వీపు గోక్కోగలం, చెట్టు మీది కాయను కోయగలం. కాలితో ఇవన్నీ చేయగలరేమో ప్రయత్నించి చూడండి! ప్రకృతి భుజానికి కదలిక ఎక్కువ ఇచ్చి, పట్టు తక్కువ ఇచ్చింది.

మరి ఆ బంతి పళ్ళెంలోంచి జారిపోకుండా పట్టుకునేది ఎవరు? నాలుగు చిన్న కండలు. ఇవి రెక్క ఎముక నుంచి బయలుదేరి, దండచేయి ఎముక తలను ముందు, పైన, వెనుక నుంచి పట్టుకుంటాయి. భుజం మీద గుండ్రంగా కనిపించే పెద్ద కండ పేరు డెల్టాయిడ్. అది చేతిని పైకి లాగుతుంటే, ఈ నాలుగూ బంతిని గిన్నెకు అదిమిపెట్టి ఉంచుతాయి. పెద్ద కండ అద్దంలో కనబడుతుంది. చిన్న కండలు కనబడవు. కనబడని వాటిని మనం మరచిపోతాం!

రెక్క ఎముక కూడా ఊరికే కూర్చోదు. ఒక చిన్న పరీక్ష చేయండి. మీ స్నేహితుణ్ణి మీకు వీపు పెట్టి నిలబడమనండి. అతని రెక్క ఎముక కింది కొసపై వేలు ఆనించండి. ఇప్పుడు చేతిని పక్క నుంచి నెమ్మదిగా తల పైకి ఎత్తమనండి. ఆ కొస పక్కకు, పైకి తిరగడం మీ వేలికి తెలుస్తుంది. చెయ్యి మొత్తం 180 డిగ్రీలు లేస్తే, అందులో సుమారు 120 డిగ్రీలు బంతిగిన్నె కీలుది, 60 డిగ్రీలు రెక్క ఎముకది. ఈ లెక్కను 1944లో అమెరికాలో ఇన్మన్, ఆయన సహచరులు ప్రకటించారు. రెక్క ఎముక తన వంతు పని చేయకపోతే ఆ భారం కూడా కీలు మీదనే పడుతుంది.

తులాదండం లెక్క

ఇప్పుడు కొంచెం భౌతికశాస్త్రం. 5 కిలోల బరువు పట్టుకుని చేతిని పక్కకు, నేలకు సమాంతరంగా చాపారనుకోండి. బరువు భుజం కీలు నుంచి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. దాన్ని మోసే కండ లాగే గీత మాత్రం కీలుకు సుమారు 3 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. తులాదండం సూత్రం ప్రకారం 5 ను 60 తో గుణించి 3 తో భాగించండి. ఎంత వచ్చింది? 100! చేతిలో ఉన్నది 5 కిలోలు, కండ లాగవలసింది 100 కిలోల బరువుకు సమానమైన బలంతో. ఇందులో చేతి సొంత బరువును మనం లెక్కలోకే తీసుకోలేదు.

ఆ లాగుడంతా ఎముకకు చేరేది దేని ద్వారా? కండ చివర ఉండే తెల్లని గట్టి తాడు ద్వారా. దీన్ని స్నాయుబంధనం అంటారు. వాడుకలో దీన్నీ నరమనే అంటాం గాని, కబుర్లు మోసే నరం వేరు, ఇది వేరు. ఇది కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులతో పేనిన తాడు. కథలో కాలువ గట్టు ఇదే.

కండ తొందర, తాడు నిదానం

కండలో రక్తనాళాలు పుష్కలం. అది త్వరగా పెరుగుతుంది, త్వరగా తరుగుతుంది కూడా. పైగా బరువెత్తడం కొంతవరకు మెదడు నేర్చుకున్న విద్య. సైకిలు తొక్కడంలాగానే అది అంత తేలికగా మరపురాదు. ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. 2010లో నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలలో ఒక విషయం గమనించారు. కండకు పని పెరిగితే దాని పోగులలో కొత్త కేంద్రకాలు చేరతాయి. తరువాత పని లేక కండ చిక్కిపోయినా ఆ కేంద్రకాలు నెలల తరబడి అలాగే ఉన్నాయి. అంటే ఇల్లు కట్టిన తాపీ మేస్త్రులు ఊరు విడిచి పోలేదన్నమాట. మళ్ళీ పని రాగానే కండ చకచకా పెరగడానికి ఇదొక కారణమని వారి భావన. మనుషులలో దీని మీద పరిశోధనలు సాగుతున్నాయి.

స్నాయుబంధనం స్వభావం వేరు. దానిలో రక్తనాళాలు తక్కువ, కణాలు తక్కువ. దాని నిదానం ఎంతటిదో కనిపెట్టిన తీరు చాలా చిత్రమైనది. 1955 నుంచి 1963 వరకు దేశాలు ఆరుబయట అణుబాంబులు పరీక్షించినప్పుడు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. తరువాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోని కార్బన్ మొక్కల ద్వారా, ఆహారం ద్వారా మన ఒంట్లో చేరుతుంది. కనుక ఒక కణజాలంలో కార్బన్-14 ఎంత ఉందో చూస్తే అది ఏ కాలంలో తయారైందో చెప్పవచ్చు. డెన్మార్క్ పరిశోధకులు మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయుబంధనం నడిమి భాగాన్ని ఇలా పరీక్షించి 2013లో ఫలితం ప్రకటించారు. ఆ భాగం మనిషికి సుమారు 17 ఏళ్ళు వచ్చేదాకా తయారవుతుంది. ఆ తరువాత జీవితాంతం దాదాపు మారదు! కండ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తదవుతూనే ఉంది.

అయితే తాడు అసలు బలపడదా? బలపడుతుంది. క్రమమైన వ్యాయామంతో దాని బిగువు పెరుగుతుంది. కాని దానికి వారాలు, నెలలు పడతాయి. ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు దొరికింది కదా? జూన్‌లో మూడు వారాలలో కండకు బలం వచ్చింది. తాడు ఇంకా వెనుకనే ఉంది. కాలువ నిండింది, గట్టు నానలేదు.

ఒక పాత నమ్మకం

భుజం నొప్పికి వెనుకటి వివరణ ఇంకొకటి ఉండేది. చెయ్యి ఎత్తినప్పుడు రెక్క ఎముక పైకొస స్నాయుబంధనాన్ని ఒరుసుకుంటుందని, అదే నొప్పికి మూలమని 1972లో అమెరికా వైద్యుడు చార్లెస్ నీర్ రాశాడు. ఆ ఎముకను కొంచెం చెక్కివేసే శస్త్రచికిత్స ఎన్నో దేశాలలో వ్యాపించింది. బ్రిటన్ పరిశోధకులు దీన్ని పెద్దవాళ్ళలో పరీక్షించారు. కొందరికి నిజంగా ఎముక చెక్కారు. కొందరికి లోపల గొట్టంతో చూసి, ఏమీ చెక్కకుండా కుట్టేశారు. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం రెండు జట్లకూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది! ఎముక ఒరుసుకోవడమే అసలు కారణమైతే ఇలా జరగకూడదు. అందుకే నేడు చాలామంది వైద్యులు ముందుగా చెప్పేది సక్రమమైన వ్యాయామం, బరువును అదుపులో పెట్టుకోవడం.

ఛాంపియన్లకూ తప్పదు

శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి పేరు మీకు తెలుసు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళలకు మొదటిసారి వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు పెట్టారు. ఆ ఏడాది సెప్టెంబరు 19న ఆమె 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్స్‌లో పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. స్నాచ్‌లో బార్‌ను నేల మీది నుంచి ఒక్క ఊపులో తల పైకి తీసుకుపోవాలి. చేతులు బాగా ఎడంగా ఉంటాయి. భుజానికి అంతకన్న కఠినమైన పరీక్ష ఉండదు.

మణిపూర్‌కు చెందిన మీరాబాయి చానుకు స్నాచ్‌లో ఆ భుజమే ఇబ్బంది పెట్టింది. 2020లో ఆమె అమెరికా వెళ్ళి ఆరన్ హార్షిగ్ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర భుజానికి, నడుముకు చికిత్స పొందారు. కండల సమతౌల్యాన్ని సరిదిద్దే వ్యాయామాలు చేశారు. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోలతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. జులై 24న టోక్యోలో 202 కిలోలతో రజతం గెలిచారు. కనబడని లోపాన్ని ఓపికగా దిద్దుకోవడం కూడా ఆటలో భాగమేనని దీనివల్ల తెలుస్తుంది.

తిరిగి మొదలుపెట్టడం ఎలా?

నెలల తరబడి మానేసి ఉంటే మొదటి రెండు వారాలు మీ పాత బరువులో సగం దాటకండి. తల మీదికి ఎత్తే వ్యాయామాన్ని ఒట్టి కర్రతో గాని, ఒట్టి బార్‌తో గాని మొదలుపెట్టండి. ఆపైన వారానికి పదోవంతుకు మించి పెంచవద్దు. ఇది ప్రయోగశాలలో తేలిన సూత్రం కాదు, అనుభవజ్ఞులు పెట్టుకున్న హద్దు. "ఇంతకంటె ఎక్కువ ఎత్తగలను" అని కండ చెబుతూనే ఉంటుంది. దాని మాట వినకండి!

బరువెత్తిన రోజుకూ రోజుకూ మధ్య ఒక రోజు విడవండి. వ్యాయామం తరువాత మొదటి రోజు, రోజున్నర వరకు తాడులో తరుగుదల ఎక్కువ, ఆ తరువాతనే పెరుగుదలది పైచేయి అని శాస్త్రజ్ఞుల అంచనా.

చిన్న కండలకూ పని చెప్పండి. పాత సైకిల్ ట్యూబును కిటికీ కమ్మీకి కట్టి రెండో కొస పట్టుకోండి. మోచేతిని నడుముకు ఆనించి, లంబకోణంలో వంచి, ముంజేతిని నెమ్మదిగా బయటికి తిప్పండి. 10 నుంచి 15 సార్లు చాలు. తోసే వ్యాయామం ఎంత చేస్తారో, లాగే వ్యాయామం కూడా అంత చేయండి. గోడకు చేతులు ఆనించి తోసే దండీలు రెక్క ఎముకను పట్టే కండలకు మంచివి.

నొప్పి వచ్చిందని నెలల తరబడి చెయ్యి కదపకుండా ఉండటమూ తప్పే. కీలు బిగుసుకుపోతుంది, తాడు మరింత బలహీనపడుతుంది. బరువు తగ్గించి, నొప్పి లేనంత మేరకు కదిలిస్తూ ఉండండి. కొద్దిపాటి నొప్పి మర్నాటి ఉదయానికి పోతే బరువు సరిపోయిందన్నమాట. మర్నాటికి పెరిగితే మీరు ఎక్కువ చేశారన్నమాట.

వైద్యునికి ఎప్పుడు చూపించాలి?

ఎదిగే వయసులో ఒక ప్రత్యేకత ఉంది. దండచేయి ఎముక పొడవులో సుమారు 80 శాతం, భుజం దగ్గరి ఎదుగుదల పొర నుంచే వస్తుంది. ఇది మెత్తని మృదులాస్థి. సక్రమంగా, పెద్దల పర్యవేక్షణలో బరువులెత్తితే పొడవు ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. కాని నొప్పిని లెక్కచేయకుండా పదే పదే భారం మోపితే ఆ పొర దెబ్బతినవచ్చు.

రాత్రి నిద్రలో నొప్పితో మెలకువ వస్తున్నా, చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, కీలు జారినట్లనిపించినా, చెయ్యి లేవకపోయినా, భుజం ఆకారం మారినా వెంటనే ఎముకల వైద్యునికి చూపించండి. రెండు వారాలలో తగ్గని నొప్పినీ అలాగే చూపించండి. నొప్పి మాత్ర మింగి బరువెత్తకండి. చెయ్యి లాగి సరిచేస్తామనే వారి దగ్గరికి పోకండి.

ఈ నియమాలు బార్‌బెల్ ఎత్తేవారికే కాదు. కోతల కాలంలో మిరపకాయల టిక్కీలు మోసేవారికీ, చాలా రోజుల తరువాత క్రికెట్ బంతి విసిరేవారికీ వర్తిస్తాయి.

పదిహేడేళ్ళ లెక్కను ఇంకొకసారి గుర్తు చేసుకోండి. మీ ఒంట్లోని తాళ్ళను శరీరం ఇప్పుడే పేనుతోంది. ఆ పని జరుగుతుండగా వాటిని తెంపుకుంటారా, బలంగా పేననిస్తారా అనేది మీ చేతిలోనే ఉంది. రేపు బార్ పట్టుకునే ముందు ఒక నోటు పుస్తకంలో తేదీ, ఎత్తిన బరువు, మర్నాటి నొప్పి అని మూడు గడులు గీయండి. ఆరు వారాలు నింపి చూడండి. మీ భుజం గురించి మీకే ఒక పాఠం తయారవుతుంది.