నిషేధానికీ తొందరకీ నడుమ సైకెడెలిక్ వైద్యం

మనిషి గ్రహణశక్తినీ, భావోద్వేగాలనూ, తానన్న స్పృహనూ కొన్ని గంటలపాటు తీవ్రంగా మార్చివేసే రసాయనాలను సైకెడెలిక్ ద్రవ్యాలంటారు. ప్రయోగశాలలో తయారైన ఎల్‌ఎస్‌డీ, కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే సైలోసైబిన్ వీటిలో ముఖ్యమైనవి కాగా, భయాన్ని తగ్గించి ఎదుటివారిపై నమ్మకాన్ని పెంచే ఎండీఎంఏ పూర్తిగా ఈ కోవకు చెందకపోయినా పరిశోధకులు దాన్ని కూడా వీటితో కలిపే చర్చిస్తారు. తెలుగు పాఠకులకు ఎక్కువగా పోలీసు దాడుల వార్తల్లోనే తారసపడే ఈ పేర్లు, మందులకు లొంగని కుంగుబాటుకూ, యుద్ధం, అత్యాచారం, ప్రమాదం వంటి ఘోరానుభవాల తరువాత ఏళ్ల తరబడి వెంటాడే పీటీఎస్‌డీ అనే మానసిక రుగ్మతకూ చికిత్సలుగా ఇప్పుడు వైద్య పత్రికల్లో కనిపిస్తున్నాయి. అయితే ఈ పరిశోధనకు కేంద్రమైన అమెరికాలో దాని గతిని నిర్ణయిస్తున్నది శాస్త్రం ఒక్కటే కాదు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, సాండోజ్ సంస్థ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీని తయారుచేసి, దాని ప్రభావాన్ని 1943లో స్వయంగా అనుభవించి తెలుసుకున్నాడు. మెక్సికోలో మజటెక్ తెగవారు తరతరాలుగా వైద్యానికీ ఆరాధనకూ వాడుతున్న పుట్టగొడుగుల నుంచి సైలోసైబిన్‌ను 1958లో వేరుచేసినవాడు కూడా ఆయనే. ఆ జ్ఞానాన్ని బయటివారితో పంచుకున్న మారియా సబీనా అనే వైద్యురాలు తన ఊరికి పోటెత్తిన పరదేశీయుల వల్ల కష్టాలపాలైందే తప్ప బాగుపడలేదన్న సంగతిని ఈ శాస్త్ర చరిత్ర విస్మరించకూడదు. 1950, 60 దశకాల్లో సాండోజ్ ఎల్‌ఎస్‌డీని వైద్యులకు సరఫరా చేయగా, కెనడాలోని సస్కాచ్వాన్ మొదలైన చోట్ల మద్యవ్యసనం మాన్పించడానికి దాన్ని ప్రయోగించారు. ఆనాటి పరిశోధనల్లో చాలావాటికి నేటి కొలమానాల ప్రకారం పటుత్వం తక్కువే అయినా, వాటిని సరిదిద్దుకుని ముందుకు సాగే అవకాశం మాత్రం శాస్త్రవేత్తలకు దక్కలేదు.

ఎల్‌ఎస్‌డీ ప్రయోగశాల దాటి వీధిలోకి వచ్చి, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే యువతరానికి చిహ్నంగా మారిన కాలంలో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం 1970లో నియంత్రిత ద్రవ్యాల చట్టాన్ని తెచ్చి ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్‌లను మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. దుర్వినియోగానికి అధికంగా ఆస్కారమున్నవీ, ఆమోదిత వైద్య ప్రయోజనం లేనివీ, వైద్యుని పర్యవేక్షణలో సైతం సురక్షితం కానివీ అని ఆ షెడ్యూల్‌కు అర్థం. వైద్య ప్రయోజనం ఉందని తేల్చాలంటే పరిశోధన కావాలి, కానీ వైద్య ప్రయోజనం లేదన్న ముద్ర వల్లనే ఆ పరిశోధనకు అనుమతులూ నిధులూ కరవయ్యాయి. 1971లో వియన్నాలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఇదే కట్టడిని ప్రపంచమంతటికీ విస్తరింపజేసింది. 1986లో అమెరికాలో ఎండీఎంఏ విషయంలో ఒక పరిపాలనా న్యాయమూర్తి, వైద్యులకు అందుబాటులో ఉండేలా దాన్ని మూడో షెడ్యూల్‌లో ఉంచాలని సిఫారసు చేసినా, మాదకద్రవ్య నిరోధక సంస్థ ఆ మాటను తోసిపుచ్చింది.

పరిశోధన మళ్లీ ఊపందుకున్నది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం సైలోసైబిన్‌పై 2006లో ప్రచురించిన అధ్యయనంతోనే. పదేళ్ల తరువాత అదే బృందం 51 మంది క్యాన్సర్ రోగులపై జరిపిన పరీక్షలో, మరణభయంతో కుంగిపోయినవారిలో చాలామందికి కలిగిన ఉపశమనం ఆరు నెలల తరువాత కూడా నిలిచి ఉంది. ఇటువంటి చికిత్స రోజూ మాత్ర మింగే పద్ధతిలో జరగదు. ముందుగా కొన్ని రోజుల పాటు సంభాషణలతో రోగిని సిద్ధం చేసి, ఆసుపత్రి వాసనలేవీ లేని ఒక గదిలో సోఫాపై పడుకోబెట్టి, కళ్లకు గంతలు కట్టి, చెవులకు సంగీతం వినిపిస్తూ, సాధారణంగా ఇద్దరు చికిత్సకులు ఆరేడు గంటలు పక్కనే కూర్చుంటారు. ఆ అనుభవంలో బయటపడిన భయాలనూ దుఃఖాలనూ తరువాతి రోజుల్లో రోగితో మాట్లాడి ఒక దారికి తెస్తారు.

ఈ పద్ధతి తెచ్చిన అసలు చిక్కు 2024లో ఎండీఎంఏ విషయంలో బయటపడింది. లైకోస్ అనే సంస్థ 104 మంది పీటీఎస్‌డీ బాధితులపై జరిపిన మూడో దశ పరీక్షలో, ఎండీఎంఏతో చికిత్స పొందినవారిలో 71 శాతం మందికి ఆ రుగ్మత లక్షణాలు నిర్ధారణ స్థాయికంటే కిందకు దిగగా, మందు లేని మాత్రతో అదే సంభాషణా చికిత్స పొందినవారిలో 48 శాతం మందికి అదే ఫలితం కలిగింది. ఎవరికి మందు ఇచ్చారో ఎవరికీ తెలియకూడదన్నది ఔషధ పరీక్షల మూలసూత్రం కాగా, ఎండీఎంఏ తీసుకున్న వ్యక్తికి ఆ సంగతి గంటలోనే తెలిసిపోతుంది కనుక, ఫలితంలో ఎంత మందుదో, ఎంత ఆశదో వేరుచేయడం కష్టమవుతుంది. అంతకు ముందటి దశలో కెనడాలోని ఒక కేంద్రంలో చికిత్సకులు రోగి పట్ల హద్దుమీరి ప్రవర్తించిన ఉదంతం ఈ సందేహాలకు తోడైంది. జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ప్రమాదాలను మించిన ప్రయోజనాలు లేవని 10–1 ఓట్లతో అభిప్రాయపడగా, ఆగస్టులో ఎఫ్‌డీఏ ఆమోదం నిరాకరించి మరో మూడో దశ పరీక్ష జరపమంది. ఆశలు పెట్టుకున్న మాజీ సైనికులకు అది తీరని నిరాశ మిగిల్చినా, శాస్త్రం అడగవలసిన ప్రశ్నలనే ఆ సంస్థ అడిగిందన్నది నిజం.

2025లో ట్రంప్ ప్రభుత్వం రాకతో పరిస్థితి తలకిందులైంది. ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ ఏడాదిలోగా ఈ చికిత్సలను అందుబాటులోకి తేవాలన్న ఆశను జూన్‌లో కాంగ్రెస్ సంఘం ఎదుట ప్రకటించారు. అదే మంత్రి అంతకు మూడు నెలల ముందు తన శాఖలో 10,000 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించగా, వారిలో సుమారు 3,500 మంది ఎఫ్‌డీఏ ఉద్యోగులే. ఆ సంస్థ ఔషధ విభాగాధిపతి పదవి ఒక్క ఏడాదిలోనే పలుమార్లు చేతులు మారింది. ప్రభుత్వ వైద్య పరిశోధనకు ప్రధాన ఆధారమైన జాతీయ ఆరోగ్య సంస్థల బడ్జెట్‌ను దాదాపు 40 శాతం తగ్గించాలని అధ్యక్షుడు ప్రతిపాదించాడు. మందును త్వరగా తెస్తామంటూనే దాన్ని పరీక్షించే యంత్రాంగాన్ని బలహీనపరచడం రోగులకు మేలు చేయదు. 1970లో వైరంతో జరిగిన అన్యాయమే ఇప్పుడు అభిమానం రూపంలో మళ్లీ జరిగే ప్రమాదముంది, ఎందుకంటే తగిన ఆధారం లేకుండా ఆమోదించిన మందు ఒక్కసారి వికటిస్తే మరో తరం పాటు పరిశోధన తలుపులు మూసుకుపోతాయి. సైలోసైబిన్‌పై కంపాస్ సంస్థ 2025లో వెల్లడించిన మూడో దశ ఫలితాల్లో, 60 మార్కుల కుంగుబాటు కొలమానంపై మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ మధ్య తేడా 3.6 మాత్రమే కావడం, ఈ మందు కొట్టిపారేయదగినదీ కాదు, అద్భుత ఔషధమూ కాదని చూపుతుంది.

ఇంతలో రాష్ట్రాలు తమ దారి తాము చూసుకుంటున్నాయి. ఓటర్ల తీర్పుతో ఓరెగన్, కొలరాడోలు పర్యవేక్షణలో సైలోసైబిన్ వాడకానికి అనుమతించగా, మసాచుసెట్స్ ఓటర్లు 2024లో అటువంటి ప్రతిపాదనను తిరస్కరించారు. గుండె లయను దెబ్బతీయగల ఐబోగైన్ అనే ఆఫ్రికా మొక్క ద్రవ్యంపై పరిశోధనకు టెక్సస్ రాష్ట్రం 2025లో 5 కోట్ల డాలర్లు కేటాయించింది. సైలోసైబిన్, ఎండీఎంఏ చికిత్సలను దేశమంతటా అనుమతించిన ఆస్ట్రేలియా మాత్రం 2023 జులై నుంచి ప్రత్యేక అధికారం పొందిన మనోవైద్యులకే ఆ హక్కునిచ్చి, వాడకాన్ని రెండు రుగ్మతలకే పరిమితం చేసింది.

అమెరికాలో ఉన్న తెలుగువారు గమనించవలసిన విషయం ఒకటుంది. రాష్ట్రం అనుమతించినా వలస వ్యవహారాలకు ఫెడరల్ చట్టమే ప్రమాణం కనుక, పౌరసత్వం లేనివారు ఇటువంటి ద్రవ్యాన్ని వాడినట్లు ఒప్పుకున్నా వీసాకూ గ్రీన్ కార్డుకూ చిక్కు రాగలదు. భారతదేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 0.1 గ్రాముకు మించిన ఎల్‌ఎస్‌డీ వాణిజ్య పరిమాణం, అంటే కనీసం పదేళ్ల కఠిన కారాగారానికి దారితీసే నేరం. కుంగుబాటుతో బాధపడేవారు ఈ వార్తలు చదివి వాడుతున్న మందులు మానుకోవద్దు, ఇంటర్నెట్‌లో దొరికే పొడులను నమ్మవద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ కేంద్రం 14416 నంబరులో తెలుగులోనే ఉచితంగా సలహా ఇస్తుంది.